ఇంటి మీటరు మీద కారు చార్జింగ్: ఖర్చులు, హక్కులు

ఇంట్లో ఎలక్ట్రిక్ కారు చార్జింగ్ పెట్టుకుంటే ఖర్చు మూడు చోట్ల పడుతుంది: గోడకు బిగించే పరికరం, దానిదాకా లాగే వైరు, ఆ తర్వాత నెలనెలా వచ్చే కరెంటు బిల్లు. షోరూములో మాట్లాడేది మొదటిదాని గురించే. జగిత్యాల జిల్లా మల్లాపూర్ లాంటి మండల కేంద్రంలో అసలు లెక్క మారేది మిగతా రెండింటి దగ్గర.

సొంత బండిని ఇంటి మీటరు మీదే చార్జ్ చేసుకోవచ్చు. కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి 14న ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ మాట స్పష్టంగా ఉంది. దీనికి లైసెన్సు అక్కర్లేదు. మీటరుకు ఉన్న లోడ్ సరిపోవాలి, అంతే. పల్లెల్లో చాలా ఇళ్లకు ఒకటి రెండు కిలోవాట్ల లోడే ఉంటుంది. 15 ఆంపియర్ల సాకెట్ మీద కారు లాగేది దాదాపు 3 కిలోవాట్లు; గోడకు బిగించే పెద్ద చార్జరైతే 7.2 కిలోవాట్లు. మొదటిదానికే లోడ్ పెంచుకోవాల్సి రావచ్చు. రెండోదానికి త్రీఫేజ్ కనెక్షన్ కూడా అవసరపడవచ్చు, అప్పుడు మీటరు, సర్వీసు వైరు అన్నీ మారతాయి.

పెద్ద చార్జర్ చాలామందికి అనవసరం. 15 ఆంపియర్ల పాయింటు మీద రాత్రి ఎనిమిది గంటలు పెడితే 24 యూనిట్లు ఎక్కుతాయి. చిన్న కారు వాటితో నూట యాభై కిలోమీటర్ల దాకా నడుస్తుంది. మల్లాపూర్ నుంచి జగిత్యాల పోయి వచ్చాక కూడా బ్యాటరీలో మిగులుతుంది. పరికరం మీద ఆదా అయిన డబ్బు వైరింగు మీద పెట్టడం మేలు: మీటరు నుంచి నేరుగా వేరే లైను, దానికి సొంత ఎంసీబీ, కరెంటు లీకైతే లైను ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్. ఫ్రిజ్, మోటారు నడిచే పాత వైరుకే కారును తగిలిస్తే గంటల తరబడి వేడెక్కి సాకెట్ కరిగిపోయే ప్రమాదం ఉంది. ఈ పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుతో చేయించి, రసీదు దాచుకోవాలి. చార్జర్ మీద జీఎస్టీ 2019 ఆగస్టు 1 నుంచి 5 శాతమే. బిల్లులో అంతకు మించి వేశారేమో చూసుకోవాలి.

ఇక నెల బిల్లు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే చిన్న కారుకు సుమారు 150 యూనిట్లు పడతాయి. తెలంగాణలో 2022 ఏప్రిల్‌లో వచ్చిన గృహ స్లాబుల ప్రకారం, 150 యూనిట్లు వాడే ఇంటికి విద్యుత్ చార్జీ 580 రూపాయలు. కారుతో కలిపి 300 యూనిట్లయితే అది 1,790 అవుతుంది. 200 దాటగానే స్లాబు మారి మొదటి యూనిట్లకు కూడా 5 రూపాయల 10 పైసలు పడుతుంది కనుక కారు కోసం వాడిన ప్రతి యూనిట్ నిజానికి 8 రూపాయలకు పైనే పడినట్టు. ఫిక్స్‌డ్ చార్జీ, విద్యుత్ సుంకం వీటికి అదనం. 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పొందే ఇంటికి దెబ్బ ఇంకా పెద్దది. 2024 నుంచి అమలవుతున్న ఈ పథకంలో వాడకం 200 యూనిట్లు దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టాల్సిందే. సున్నా బిల్లు వచ్చే ఇంటికి ఒక్కసారిగా 1,790 వస్తుందన్నమాట. బండి కొనేటప్పుడు ఈ మాట చెప్పేవాళ్లు తక్కువ.

కారుకు వేరే మీటరు పెట్టుకోవడమే దీనికి మార్గం. విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలకు 2024 ఫిబ్రవరిలో చేసిన సవరణ ప్రకారం, అడిగిన వినియోగదారుడికి చార్జింగ్ కోసం ప్రత్యేక కనెక్షన్ ఇవ్వాలి. దరఖాస్తు పూర్తిగా అందాక కోరుట్ల, జగిత్యాల లాంటి మున్సిపాలిటీల్లో 7 రోజులు, మల్లాపూర్ లాంటి గ్రామీణ ప్రాంతాల్లో 15 రోజులు గడువు. విద్యుత్ చట్టంలోని 43వ సెక్షన్ యజమానితో పాటు ఆ ఇంట్లో ఉండేవారికీ కనెక్షన్ అడిగే హక్కు ఇస్తుంది కాబట్టి కిరాయిదారూ దరఖాస్తు చేయవచ్చు. జగిత్యాల జిల్లాలో దరఖాస్తు విద్యుత్ పంపిణీ సంస్థ ఎన్పీడీసీఎల్ సెక్షన్ ఆఫీసుకు, సిరిసిల్లలో సహకార సంఘమైన 'సెస్'కు వెళుతుంది. కట్టిన సెక్యూరిటీ డిపాజిట్ మీద వడ్డీ ఇవ్వాలని 47వ సెక్షన్ చెబుతోంది. డబ్బు ఎవరి చేతికీ ఇవ్వకుండా కౌంటర్‌లోనో ఆన్‌లైన్‌లోనో కట్టడం మంచిది.

చేయకూడని పనులు రెండు. బావి దగ్గర వ్యవసాయ కనెక్షన్ నుంచి బండి చార్జ్ చేయడం ఒకటి, ఇంటి మీటరు మీద ఊళ్లోవాళ్ల బండ్లు డబ్బు తీసుకుని చార్జ్ చేయడం రెండోది. రెండూ విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకమే అవుతాయి. ఆ వాడకానికి వర్తించే చార్జీకి రెట్టింపు వేస్తారు. ఎప్పటి నుంచి వాడారో తేలకపోతే 12 నెలలకు లెక్కిస్తారు. అయితే తాత్కాలిక అంచనా ఉత్తర్వు ఇచ్చాక అభ్యంతరం వినకుండా దాన్ని ఖరారు చేయకూడదు. తుది ఉత్తర్వుపై 30 రోజుల్లో, సగం సొమ్ము కట్టి, 127వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు.

కనెక్షన్ ఆలస్యమైనా, బిల్లు తప్పుగా వచ్చినా ముందు 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. పరిష్కారం కాకపోతే పంపిణీ సంస్థ పరిధిలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, ఆపైన హైదరాబాద్‌లోని విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. చార్జర్ చెడిపోయినా, బిగించినవారి లోపం వల్ల నష్టం జరిగినా అది వినియోగదారుల కమిషన్ పని. కొనుగోలుదారు తాను ఉండే జిల్లా పరిధిలోని కమిషన్‌లోనే, రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయలు మించకపోతే ఫీజు ఉండదు.