పాఠం 14: సాకెట్‌ను నిర్దిష్ట ఇంటర్‌ఫేస్‌కు బంధించడం

14.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• సీ భాషలో సాకెట్‌ను కావలసిన చిరునామాకు బంధించగలుగుతారు.
• చిరునామాకు బంధించడానికీ, ఇంటర్‌ఫేస్‌కు బంధించడానికీ గల తేడాను వివరించగలుగుతారు.

14.2 ఇంటర్‌ఫేస్ అంటే ఏమిటి?

ఒక రైతు సహకార సంఘం కార్యాలయంలోని కంప్యూటర్‌ను ఊహించండి. దానికి రెండు నెట్‌వర్క్ కార్డులున్నాయి. కార్యాలయం లోపలి కంప్యూటర్లతో కలిపే కార్డు చిరునామా 192.168.1.10. ఇంటర్నెట్‌తో కలిపే కార్డు చిరునామా 203.0.113.5. వీటిని ఇంటర్‌ఫేస్‌లు అంటారు. కంప్యూటర్ తనతో తాను మాట్లాడుకోవడానికి లూప్‌బ్యాక్ అనే మరో ఇంటర్‌ఫేస్ ఉంటుంది. దాని చిరునామా 127.0.0.1.

ఈ కంప్యూటర్‌లో సభ్యుల అప్పుల ఖాతాలు చూపే ప్రోగ్రామ్ నడుస్తోంది. అది లోపలివారికే అందాలి. ఎలా?

14.3 చిరునామాకు బంధించడం

సర్వర్ ప్రోగ్రామ్‌లో సాకెట్, బైండ్, లిజన్, యాక్సెప్ట్ అనే ఫంక్షన్లను ఈ వరుసలోనే పిలవాలి. బైండ్‌కు ఇచ్చే స్ట్రక్చర్‌లో మూడు అంశాలు నింపాలి: చిరునామా కుటుంబం, పోర్టు సంఖ్య, ఐ.పి. చిరునామా. చిరునామాగా 0.0.0.0 ఇస్తే అన్ని ఇంటర్‌ఫేస్‌ల తలుపులూ తెరిచినట్లే. 192.168.1.10 ఇస్తే ఆ చిరునామాకు వచ్చినవే అందుతాయి. ఆ చిరునామా మీ కంప్యూటర్‌ది కాకపోతే బైండ్ −1 ను తిరిగి ఇస్తుంది. కనుక ఆ విలువను తప్పక పరీక్షించండి.

ఇది చిన్న విషయం కాదు. 2017 జనవరిలో ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన, పాస్‌వర్డ్ లేని వేలాది మాంగోడీబీ డేటాబేస్‌లను దుండగులు చెరిపివేసి డబ్బు అడిగారు. అదే సంవత్సరం వెలువడిన 3.6 వెర్షన్ నుంచి, మనం వేరుగా చెప్పకపోతే, మాంగోడీబీ లూప్‌బ్యాక్‌కే బంధించుకుంటుంది.

14.4 ఇంటర్‌ఫేస్‌కు బంధించడం

చిరునామా వేరు, కార్డు వేరు. లైనక్స్‌లో 192.168.1.10 కు ఉద్దేశించిన ప్యాకెట్ వెలుపలి కార్డు ద్వారా వచ్చినా సాధారణంగా స్వీకరించబడుతుంది. పంపేటప్పుడు కూడా ఏ కార్డు గుండా వెళ్లాలో రూటింగ్ పట్టికే నిర్ణయిస్తుంది. కార్డునే నిర్ణయించాలంటే బైండ్‌కు ముందు సెట్‌సాక్‌ఆప్ట్ ఫంక్షన్‌తో ‘ఎస్ఓ_బైండ్‌టుడివైస్’ ఐచ్ఛికాన్ని ఎన్నుకొని, కార్డు పేరు ఇవ్వాలి. ఇది లైనక్స్‌కు చెందిన సౌకర్యం. పూర్వం దీనికి ప్రత్యేక అధికారం అవసరమయ్యేది. 2020లో వచ్చిన లైనక్స్ 5.7 నుంచి, ఇంకా ఏ కార్డుకూ బంధించని సాకెట్‌కు సాధారణ వినియోగదారు కూడా దీనిని వాడవచ్చు.

అయితే బంధించడం తలుపు మూయడమే, తాళం వేయడం కాదు. పాస్‌వర్డూ, ఫైర్‌వాలూ కూడా ఉండాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. అదే కంప్యూటర్‌లోని ప్రోగ్రాములకు మాత్రమే అందాలంటే ఏ చిరునామాకు బంధించాలి?
2. 192.168.1.10 కు బంధిస్తే, బయటకు వెళ్లే ప్యాకెట్లు తప్పక లోపలి కార్డు గుండానే వెళతాయి. ఒప్పా, తప్పా?

జవాబులు: 1. 127.0.0.1. 2. తప్పు. దారిని రూటింగ్ పట్టిక నిర్ణయిస్తుంది.