వానకు ముందే ఇంటి కన్నాలు పూడ్చండి

ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో దిగుతాయి. పొలంగట్ల బొరియల్లోకి నీళ్లు చేరగానే ఎలుకలు, పందికొక్కులు మెరక వెతుక్కుంటూ ఇళ్లలో దూరతాయి. 2024 నవంబరు 30న ఫెంజల్ తుఫాను తీరం దాటినప్పుడు పుదుచ్చేరిలో ఒక్కరోజులో 45 సెంటీమీటర్లకు పైగా కురిసింది. అలాంటి వానలో కన్నాలేం పూడుస్తాం? పుదుచ్చేరి చుట్టుపక్కల బాహూరు, విల్లియనూరుల్లో సేద్యం చేస్తూ పట్నంలోని పాత మండువా ఇళ్లలో వడ్లు నిలవ పెట్టుకునేవారికి వానలకు ముందే అదను.

ముందు ఏది తిరుగుతోందో తేల్చుకోండి. రాత్రి గోడవార పలచగా ముగ్గుపిండి చల్లితే తెల్లారేసరికి అడుగులు, తోక ఈడ్చిన గీత పడతాయి. దూలం గోడలోకి దిగే చోట నల్లటి జిడ్డు మరక ఉంటే అది ఇంటి ఎలుక దారి, పైనుంచి వస్తోందన్నమాట. తూము పక్కన తవ్విపోసిన మట్టి ఉంటే పందికొక్కు. మొదటిదానికి కప్పు చూసుకోవాలి, రెండోదానికి తూము. రెండింటికీ ఒకే మందు పెట్టి ఊరుకుంటారు కాబట్టే ఏటా ఇదే గోల.

చిటికెనవేలు పట్టే సందు చాలు, చిట్టెలుక దూరిపోతుంది. గుడ్డపేలికలు, థర్మోకోల్ కుక్కితే రాత్రికి రాత్రే కొరికేస్తుంది. పావు అంగుళం మించని కళ్లున్న ఇనుప మెష్ ముక్క దిగ్గొట్టి, పైన సున్నపు గచ్చు పూయండి. మేస్త్రి సిమెంటంటాడు, ఒప్పుకోకండి. పాత సున్నపు గోడలోని చెమ్మను సిమెంటు బయటికి పోనివ్వదు. చుట్టూ గచ్చు ఉబ్బి రాలుతుంది, రాలిన చోటే కొత్త కన్నం. తూముకు జాలీ, తలుపు అడుగున రేకు కొట్టించండి. పుదుచ్చేరి ఫ్రెంచి వీధుల అందమంతా కాగితంపూల తీగలదే, కాదనను. కానీ కప్పు మీదికి పాకిన తీగ ఎలుకకు నిచ్చెన. మూడడుగులు ఎడంగా కత్తిరించండి.

అన్నీ మూసేసే ముందు బోన్లు పెట్టాలి, లేదంటే లోపలివి లోపలే చిక్కుతాయి. కొత్త వస్తువంటే ఎలుకకు అనుమానం. రెండు మూడు రాత్రులు తలుపు పడకుండా కట్టేసి ఎండుచేపో కొబ్బరిముక్కో తిననివ్వండి, ఆ తర్వాత బిగించండి. ఉమ్మడి గోడల ఇళ్లయితే పక్కవాళ్లనూ కలుపుకోండి. ఒక్కరే మూస్తే అవి పక్కింట్లో కాపురం పెడతాయి.

వడ్ల బస్తాలు బల్లల మీద, గోడకు రెండడుగుల ఎడంలో ఉంచండి. వాననీళ్లలో ఎలుక మూత్రం కలిస్తే కాళ్ల పుండ్ల ద్వారా లెప్టోస్పైరోసిస్ సోకుతుంది. బూట్లు లేకుండా ఆ నీళ్లలో దిగవద్దు. దిగాక జ్వరం, పిక్కల నొప్పి వస్తే డాక్టరుకు ఆ సంగతి చెప్పండి.

విషం ఇంట్లో వద్దు. 0.005 శాతం బ్రోమాడయోలోన్ బిళ్లలు బయటి పందికొక్కు బొరియలో లోతుగా పెట్టి మట్టితో మూయండి. ఇంట్లో ఎందుకు వద్దంటే, అది తిన్న ఎలుక కొన్ని రోజులకు గానీ చావదు, అటక మీద చస్తే ఆ కంపు భరించలేరు. పసుపు భాస్వరం పేస్టు ఎవరిచ్చినా తీసుకోవద్దు, దానికి విరుగుడు లేదు. బ్రోమాడయోలోన్‌కు విటమిన్ కె ఉంది. పిల్లలు ఏ మందు నోట పెట్టుకున్నా, ప్యాకెట్ చేతపట్టుకుని వెంటనే పుదుచ్చేరిలోని జిప్మర్ ఆసుపత్రికో దగ్గరి మరో ఆసుపత్రికో వెళ్లండి.