చర్మకారుడైన సీమోను ఇల్లు, మన పల్లె మందిరము

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 9:36–43, 10:1–28



మొన్న సండేస్కూలులో పిల్లలను "మీ తాతగారు ఏమి పని చేసేవారు?" అని అడిగాను. ఒక అబ్బాయి "బిజినెస్" అన్నాడు. వాళ్ళ తాతగారిని నేను ఎరుగుదును. చెప్పులు కుట్టేవారు. అబ్బాయి అబద్ధమాడలేదు, ఇంట్లో వాళ్ళు చెప్పినదే చెప్పాడు. నేను మందలించలేదు, మందలించే అర్హత నాకు లేదు. ఉపాధ్యాయ శిక్షణకు దరఖాస్తు పెట్టినప్పుడు తండ్రి వృత్తి అన్నచోట "వ్యవసాయము" అని రాసినవాడిని నేను. మాకు సెంటు భూమి లేదు. అందుకే ఈ నెల పాఠానికి ఈ వాక్యభాగము తీసుకున్నాను.

పేతురు యొప్పేలో చాలా దినములు సీమోను అనే చర్మకారుని ఇంట బస చేశాడు. ఈ మాట చదివి మనం గబగబా కొర్నేలీ దగ్గరకు వెళ్ళిపోతాము. కొంచెం ఆగండి. లేవీయకాండము 11:39–40 ప్రకారము చచ్చిన పశువును ముట్టినవాడు సాయంకాలము వరకు అపవిత్రుడు. చర్మకారునికి అది రోజూ ఉండే పని. తోళ్ళు ఊనే చోటు పట్టణానికి 50 మూరల దూరముండాలనీ, తూర్పు వైపే ఉండాలనీ యూదుల పెద్దలు నియమము పెట్టారు. ఊరికి తూర్పున, దూరంగా, గాలివాటు చూసి! మన పల్లె ఎక్కడుండేదో మీకు గుర్తుకు వస్తున్నదా? సీమోను ఇల్లు కూడా సముద్రపు దరినే ఉన్నది. ఆ పనికి నీళ్ళు కావాలి, ఆ వాసనకు ఊరు పడదు. పేతురుకు దర్శనము కలిగింది యెరూషలేము దేవాలయములో కాదు, ఆ ఇంటి మిద్దె మీద. ఏ మనుష్యుడూ నిషేధింపదగినవాడు కాడనే పాఠము ఆయన కొర్నేలీ ఇంట్లో చెప్పాడు గాని, నేర్చుకున్నది తోళ్ళ వాసన పీలుస్తూనే.

ఇప్పుడు మన సంగతికి వద్దాము. 1854 జనవరి 1 తెల్లవారుజామున జూవెట్ దొరగారు, ఆయన భార్య, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ మీద ప్రార్థించిన సంగతి మనకు ప్రతి సంవత్సరము చెబుతారు. దాని తరువాత జరిగినది అంతగా చెప్పరు. యర్రగుంట్ల పేరయ్యగారు తాళ్ళకొండపాడు వాసి, మాదిగ, తోళ్ళ వ్యాపారి. తోళ్ళు కొనడానికి ఉత్తరాదికి వెళ్ళి ఏలూరు వైపు సువార్త విన్నాడు. 1866లో బాప్తిస్మము పొందాడు. అదే సంవత్సరము క్లౌ దొరగారు ఒంగోలు వచ్చారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘము ఏర్పడింది. ఆ నెలలోనే క్లౌగారు తాళ్ళకొండపాడు వెళ్ళి చెట్ల తోపులో గుడారము వేస్తే, పేరయ్యగారి మాట విన్న చుట్టుపక్కల పల్లెల వారిలో 28 మంది బాప్తిస్మము తీసుకున్నారు. తోళ్ళు కొనే దారి, వియ్యాలందుకునే దారి, ఇవే సువార్త నడిచిన దారులు. మిషను పటములో అవి కనబడవు.

ఆ రోజుల్లోనే ఒంగోలులోని పెద్ద కులాల వారు, ఈ జనాన్ని చేర్చుకుంటే మేము రాము అన్నారు. క్లౌగారూ ఆయన భార్యా వేరు వేరు గదులలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ 1 కొరింథీ 1:26–29 ఎదురైందట. ఆ భాగము ఇంటికి వెళ్ళి చదవండి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క దినమున 2,222 మంది నీటిలోకి దిగారు. వారిలో ఎక్కువ మంది ఈ పల్లెల వారే.

మా ఊరి మందిరము మట్టి గోడలు, తాటాకు కప్పు. వారమంతా బడి, ఆదివారము గుడి. నేను అ ఆలు దిద్దింది ఆ నేల మీదే. గంట కొనే స్తోమతు లేదు గనుక రైలు పట్టా ముక్కను వేపచెట్టుకు వేలాడదీశారు. దాన్ని మోసిన తోలు వారును మా తాత కోశాడు. వానకు నానేది, ఎండకు ఎండేది, తెగేది కాదు. ఏటా ఆముదము పట్టించేవాడు.

ఆ వారు ఎలా తయారయ్యేదో పిల్లలకు చెప్పండి. పచ్చి తోలును కడిగి, సున్నపు లందలో నానబెట్టి, వెంట్రుకలు గీకేవారు. తరువాత దాన్ని సంచిలా కుట్టి, లోపల దంచిన తంగేడు చెక్క నింపి, నీళ్ళు పోసి చెట్టుకు కట్టేవారు. కారిన రసాన్ని మళ్ళీ మళ్ళీ పోయాలి. కరక్కాయ కూడా వాడేవారు. తోలు పక్వానికి వచ్చిందో లేదో వేలితో నొక్కి చూసి చెప్పేవాడు మా తాత. ఏ పుస్తకములోనూ చదవలేదు. ఆరె, రంపె చేతికి వస్తే చెప్పులు, ఎద్దులకు పట్టెడలు, చెర్నాకోలలు, బావికి మోట బొక్కెన. ఆయిల్ ఇంజన్లు, కరెంటు మోటార్లు రాకముందు ఆ బొక్కెన లేకపోతే మెట్ట పైరుకు నీళ్ళు లేవు.

అయితే వృత్తిని పొగడబోయి వెట్టిని మరచిపోకూడదు. రెడ్డిగారికి, కరణముగారికి చెప్పులు ఉత్తినే కుట్టి ఇవ్వాలి, జాతరకు డప్పు కొట్టాలి, చచ్చిన గొడ్డును మోయాలి. క్లౌగారు విశ్వాసులకు మూడే నియమాలు పెట్టారు: ఆదివారము పని చేయరాదు, చచ్చినదాని మాంసము తినరాదు, విగ్రహములకు మొక్కరాదు. వినడానికి చిన్నవే. కాని వాటివల్ల మన పెద్దలు జాతర డప్పు దించారు. దానికి ఊరివాళ్ళు బావి నీళ్ళు ఆపారు, కుమ్మరి, చాకలి సేవలు మాన్పించారు. ఆకలిని ఓర్చుకుని నిలబడ్డారు గాని నేర్పును పారేయలేదు. దించింది దాస్యాన్ని, ఆరెను కాదు. ఆరెను దాచిపెట్టింది మనమే, చదువుకున్న తరము.

మన బాప్టిస్టులకు ఇది మరీ విడ్డూరము. 1793లో ఇండియాకు వచ్చిన విలియం కేరీ చెప్పులు కుట్టే పని నేర్చినవాడు. 1814లో తెలుగు వ్యాకరణము అచ్చువేయించాడు. 1818లో శ్రీరాంపూరులో తెలుగు క్రొత్త నిబంధన అచ్చయింది. కేరీ వృత్తిని ప్రసంగాల్లో గొప్పగా చెబుతాము, మన తాతల వృత్తి దగ్గర గొంతు తగ్గిస్తాము. ప్రత్యక్ష గుడారానికి పైకప్పు ఎర్రని పొట్టేళ్ళ తోళ్ళు (నిర్గమ 26:14). దానిని కూడా ఎవరో ఊని, కోసి, కుట్టి ఉండాలి కదా.

బయటివాళ్ళు ఈ పని విలువ ఎరుగుదురు. మన కర్ణాటకలో బెళగావి, ధారవాడ, బాగలకోటె, విజయపుర జిల్లాలలోను, మహారాష్ట్రలోను కుట్టే కొల్హాపురి చెప్పులకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 జూన్‌లో ఇటలీకి చెందిన ప్రాడా కంపెనీ అలాంటి చెప్పులనే తనవిగా ప్రదర్శించి, మాట పడ్డాక వాటి మూలము ఇండియాదని ఒప్పుకుంది. మన పిల్లలను మళ్ళీ లందల దగ్గర కూర్చోబెట్టమని నేను అనడము లేదు. వాళ్ళు కంప్యూటరు పనే చేయనివ్వండి. కాని మనలో తోలు పని చేసినవారి మనుమలున్నారు, మగ్గము నేసినవారి మనుమలున్నారు, కూలికి పోయినవారి మనుమలున్నారు. ఊరిలో మిగిలిన పెద్దలు ఇంకా ఎన్నాళ్ళుంటారో తెలియదు. సెలవులకు వెళ్ళినప్పుడు వాళ్ళ దగ్గర కూర్చుని పనిముట్ల పేర్లు, పని చేసే విధము, మందిరము ఎవరు కట్టారో, మట్టి ఎక్కడినుండి తెచ్చారో అడిగి, ఇంటి బైబిలులో పుట్టిన తేదీలు రాసే పేజీ పక్కన రాసుకోండి.

మా ఊరిలో పాత మందిరము పడగొట్టి స్లాబు వేశారు. గంట వచ్చింది. శిలాఫలకము మీద చందాలిచ్చినవారి పేర్లున్నాయి. పట్టా ముక్క పాత ఇనుము కింద పోయింది. తోలు వారు ఏమైందో ఎవరూ చూడలేదు. తాత ఆరె మాత్రము మా ఇంట్లో, గుడ్డలో చుట్టి, ట్రంకు పెట్టెలో ఉన్నది. వచ్చే ఆదివారము సండేస్కూలుకు తెస్తాను. ఆ అబ్బాయిని కూడా, వాళ్ళ తాతగారిది ఇంట్లో ఏదైనా ఉంటే నాన్ననడిగి తెమ్మన్నాను.