రెక్క మూయకముందే: లోహపు విమానం కట్టేవారు చేయవలసినవి - చేయకూడనివి

అమెరికాలో సొంత గ్యారేజీలోనే విమానం కట్టుకునేవారు చాలామంది ఉన్నారు. ఒరెగాన్‌లోని వాన్స్ కంపెనీ ఆర్‌వీ కిట్లతో కట్టి ఎగరేసినవే వేలల్లో ఉంటాయి. అలాంటి విమానంలో సగానికి పైగా పని కట్టేవాళ్లే చేసి ఉండాలని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ నిబంధన. అంటే రెక్కలోని వేల రివెట్లకు జవాబుదారీ మీరే.

బెజ్జం దగ్గర

డ్రిల్ చేసిన ప్రతి బెజ్జాన్నీ వేలికొసతో తడిమి చూడండి. చుట్టూ లేచిన సన్నటి అంచు గోటికి గరగరా తగులుతుంది. డీబరింగ్ పనిముట్టును తేలిగ్గా ఒకటి రెండు చుట్లు తిప్పితే అది పోతుంది. అంతకుమించి తిప్పకండి, బెజ్జం అంచు పలచబడుతుంది. రేకు అంచులను ముందు ఆకురాయితో, తర్వాత స్కాచ్-బ్రైట్‌తో నునుపు చేయండి. ఉక్కుపీచు మాత్రం వాడవద్దు. దాని తునకలు అల్యూమినియంలో దిగబడి తుప్పుకు దారితీస్తాయి. గుర్తులు పెట్టడానికి పెన్సిల్ కూడా వద్దు, గ్రాఫైట్ ఈ లోహాన్ని తినేస్తుంది. మార్కర్ పెన్ను చాలు.

ఇంత పట్టుదల ఎందుకంటే, అల్యూమినియం ఊగిన ప్రతిసారీ కొంత అలసిపోతుంది. ఆ అలసట గీతనో గరుకునో వెతుక్కుని అక్కడ బీటగా మొదలవుతుంది. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 పైకప్పు దాదాపు 18 అడుగుల మేర గాల్లోనే ఊడిపోయింది. ఒక ఎయిర్ హోస్టెస్ ప్రాణం పోయింది. రేకుల మధ్య అతుకు వదిలేయడంతో భారమంతా రివెట్ల మీద పడింది. రివెట్ తల కూర్చోవడానికి తొలిచిన చోట రేకు అంచు కత్తిలా పలచగా ఉంది. బీటలు పుట్టింది అక్కడే. అందుకే 3/32 అంగుళం రివెట్ వేసేటప్పుడు 0.032 అంగుళం కన్నా పలచని రేకును అలా తొలిచి కౌంటర్‌సింక్ చేయవద్దు, అచ్చుతో నొక్కి గుంట చేసే డింపుల్ పద్ధతి వాడండి.

రివెట్ దగ్గర

బెజ్జం మధ్య నుంచి రేకు అంచుకు రివెట్ వ్యాసానికి కనీసం రెండింతల దూరం ఉండాలి. కొట్టాక వెనకవైపు తలకు రివెట్ వ్యాసానికి ఒకటిన్నర రెట్ల వెడల్పు, ఆ వ్యాసంలో సగం ఎత్తు రావాలి. గేజ్ పెట్టి చూడండి, కంటి అంచనా వద్దు. హార్డ్‌వేర్ షాపు రివెట్లు రెక్క దరిదాపులకు రానివ్వకండి.

ఒకరోజు రాత్రి పదకొండింటికి, కాస్త వంకరగా వచ్చిన రివెట్‌ను తీసేద్దామని డ్రిల్ పట్టాను. బిట్ పక్కకు జారి, గుండ్రటి బెజ్జం కోడిగుడ్డులా సాగింది. అప్పటి నుంచి అలసిపోయాక డ్రిల్ ముట్టుకోను. రివెట్ కొంచెం వంకరైనా గేజ్‌లో సరిపోతే వదిలేయడమే మేలు. బెజ్జం పాడైతే మాత్రం సొంత ఉపాయాలు వద్దు, కిట్ కంపెనీ ఇంజినీర్లను అడగండి.

మీ ఒంటికి

కళ్లద్దాలు, చెవులకు రక్షణ ఎప్పుడూ ఉండాలి. రేకులు మోసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి. డ్రిల్ తిరిగేటప్పుడు వద్దు, బిట్ పట్టి లాగేస్తుంది. రివెట్ గన్‌కు ముందు తగిలించే సెట్‌ను మార్చేముందు గాలి గొట్టం ఊడదీయండి. ప్రైమర్ కొట్టేటప్పుడు మామూలు దుమ్ము మాస్కు పనికిరాదు. డబ్బా మీద చెప్పిన రెస్పిరేటర్ వాడండి.

ట్యాంకు దగ్గర

ఇంధన ట్యాంకుకు లీకులు చూడటానికి కంప్రెసర్ గొట్టం నేరుగా తగిలించవద్దు, ట్యాంకు ఉబ్బి పగిలిపోతుంది. ఒక మూతికి పిల్లల బెలూన్ కట్టి, కొద్దికొద్దిగా గాలి ఎక్కించండి. ఒత్తిడి ఎక్కువైతే ముందు బెలూన్ పగులుతుంది, ట్యాంకు దక్కుతుంది. మిగతా అతుకుల మీద సబ్బునీళ్లు పూసి బుడగలు చూసుకోవచ్చు.

మూసేముందు

చివరి రేకు రివెట్ చేస్తే లోపలి భాగంలో చాలావరకు మళ్లీ కంటికి కనపడదు. లోహపు పొట్టునంతా వాక్యూమ్‌తో తీసి, టార్చి వేసి ప్రతి రిబ్బునూ చూడండి, ఫొటోలు తీసుకోండి. సొంతంగా విమానాలు కట్టేవారి సంఘమైన ఈఏఏలో టెక్నికల్ కౌన్సిలర్లు ఉంటారు. విమానాలు కట్టిన అనుభవం ఉన్న స్వచ్ఛంద సేవకులు వాళ్లు. ఒకరిని ఇంటికి పిలవండి. ఆయన వచ్చి చూసేదాకా ఆ రేకును క్లీకోల (తాత్కాలికంగా బిగించే పిన్నుల) మీదే ఉంచండి.