ఎన్నో స్థానంలో ఎంపికయ్యారని కాదు... ఎంత ఎదిగారని చూడండి

ఉత్తర అమెరికాలో ఐస్ హాకీకి అతి పెద్ద లీగ్ ఎన్‌హెచ్ఎల్. 1999 జూన్‌లో ఆ లీగ్ కుర్రాళ్లను ఎంపిక చేసుకునే డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు వినిపించిన పేరు పాట్రిక్ స్టెఫాన్. అదే డ్రాఫ్ట్‌లో 210వ పేరు హెన్రిక్ జెటర్‌బర్గ్. స్టెఫాన్‌ను గాయాలు వెంటాడాయి. 455 మ్యాచ్‌లు, 188 పాయింట్ల దగ్గర అతడి ఎన్‌హెచ్ఎల్ ప్రయాణం ఆగిపోయింది. జెటర్‌బర్గ్ డెట్రాయిట్ రెడ్ వింగ్స్ జట్టుకు 1,082 మ్యాచ్‌లు ఆడి 960 పాయింట్లు సాధించాడు. 2008లో ఆ జట్టు లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచినప్పుడు ప్లేఆఫ్స్‌లో అత్యుత్తమ ఆటగాడు అతడే. తర్వాత కెప్టెన్ కూడా అయ్యాడు. (ఈ ఆటలో గోల్ కొట్టినా, గోల్‌కు పాస్ అందించినా ఆటగాడి ఖాతాలో ఒక పాయింటు పడుతుంది.)

క్యాంపస్ ప్లేస్‌మెంట్లు ముగిసిన వారంలో ఏ ఇంజినీరింగ్ కాలేజీకి వెళ్లినా ఒకటే మాట: ఎవరికి ఎంత ప్యాకేజీ వచ్చింది? ఆ అంకె పట్టుకుని పొంగిపోయేవాళ్లూ, కుంగిపోయేవాళ్లూ ఒక సంగతి తెలుసుకోవాలి. ఎంపిక రోజున మీపై వేసింది ఒక అంచనా మాత్రమే. అది నిజమవుతుందో లేదో తేల్చేది ఆ తర్వాతి మూడు నాలుగేళ్లు. ఆ ఏళ్లను ఎలా లెక్క చూసుకోవాలో ఎన్‌హెచ్ఎల్ జట్ల నుంచి నేర్చుకోవచ్చు.

ఎంపికైన మర్నాడే ఆడించరు

ఎన్‌హెచ్ఎల్‌లో 32 జట్లున్నాయి. డ్రాఫ్ట్‌లో ఏడు రౌండ్లు, మొత్తం 224 ఎంపికలు. ఎక్కువమందికి అప్పటికి పద్దెనిమిదేళ్లే. వాళ్లలో ఆ ఏడాదే పెద్ద లీగ్‌లో అడుగుపెట్టేది చాలా కొద్దిమంది. మిగిలినవారు కెనడా జూనియర్ లీగ్‌లలోనో, అమెరికా యూనివర్సిటీ జట్లలోనో, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా క్లబ్‌లలోనో ఆడుతూ ఉంటారు. ఎన్‌హెచ్ఎల్‌కు ఒక మెట్టు కింద ఏహెచ్ఎల్ అనే లీగ్ ఉంది. డెట్రాయిట్ కుర్రాళ్లు ఆ లీగ్‌లో గ్రాండ్ ర్యాపిడ్స్ గ్రిఫిన్స్ జట్టులో రాటుదేలుతారు.

ఇలా చెల్లాచెదురుగా ఉన్న ప్రాస్పెక్ట్‌లను (ఎంపికై ఇంకా ఎదుగుతున్న కుర్రాళ్లను) జట్టు వదిలేయదు. ప్లేయర్ డెవలప్‌మెంట్ సిబ్బంది వాళ్ల మ్యాచ్‌లకు వెళ్తారు, వీడియోలు చూస్తారు, ఫోన్లో మాట్లాడతారు, వేసవిలో శిబిరానికి పిలిపిస్తారు. ఆ సమీక్షల్లో ప్రధానంగా నాలుగు ప్రశ్నలుంటాయి. నాలుగూ మీకూ పనికొచ్చేవే.

1. ఏ స్థాయిలో ఆడుతున్నాడు?

లూకాస్ రేమండ్ 2019-20 సీజన్‌లో స్వీడన్ అగ్రశ్రేణి లీగ్‌లో 33 మ్యాచ్‌లు ఆడి 10 పాయింట్లే తెచ్చుకున్నాడు. అంకె చూస్తే చిన్నదే. కానీ ఆ కుర్రాడు తలపడింది తన ఈడువాళ్లతో కాదు, పెద్దవాళ్లతో. మ్యాచ్‌లో అతడికి దొరికిన సమయమూ తక్కువే. డెట్రాయిట్ ఇదంతా లెక్కలోకి తీసుకుని 2020లో అతణ్ని నాలుగో స్థానంలో ఎంచుకుంది. 2021-22లో, తొలి ఎన్‌హెచ్ఎల్ సీజన్‌లోనే, రేమండ్ 57 పాయింట్లు చేశాడు. ఒక లీగ్‌లో వచ్చిన పాయింటు మరో లీగ్‌లో ఎంతకు సమానమో లెక్కగట్టే పద్ధతులు హాకీ విశ్లేషకుల దగ్గర ఉన్నాయి.

మీకు దీని అర్థం: మొదటి ఏడాది జీతాన్ని స్నేహితుడి జీతంతో కాకుండా, మీరు చేసే పని కష్టంతోనూ పక్కన పనిచేసేవారి అనుభవంతోనూ కలిపి చూడండి. మీకంటే బాగా తెలిసినవాళ్ల మధ్య తడబడుతూ గడిపిన ఏడాది, తేలికపాటి పనిలో మెప్పు పొందిన ఏడాది కంటే ఎక్కువ నేర్పుతుంది.

2. ఏ బాధ్యత అప్పగించారు?

2019లో జర్మనీ కుర్రాడు మోరిట్స్ సైడర్‌ను డెట్రాయిట్ ఆరో స్థానంలోనే పిలవడం చాలామందిని ఆశ్చర్యపరిచింది. మొదటి ఏడాది గ్రిఫిన్స్‌కు ఆడాడు. రెండో ఏడాది స్వీడన్ వెళ్లి రోగ్లే క్లబ్‌లో పెద్ద బాధ్యత మోసి, ఆ లీగ్‌లో ఉత్తమ డిఫెన్స్‌మన్‌గా నిలిచాడు. మూడో ఏడాది ఎన్‌హెచ్ఎల్‌లో 82 మ్యాచ్‌లకు 82 ఆడి 50 పాయింట్లు చేసి, ఉత్తమ కొత్త ఆటగాడికి ఇచ్చే కాల్డర్ ట్రోఫీ అందుకున్నాడు. ఏడాదికేడాది అతడి భుజాన పడే బరువు పెరిగింది. సమీక్షలో ఎదుగుదల అంటే అదే.

ఐటీ కంపెనీలో చేరి నెలల తరబడి బెంచ్ మీద కూర్చున్న ఫ్రెషర్‌కు జీతం ఆగకపోవచ్చు, ఎదుగుదల మాత్రం ఆగుతుంది. అందుకే ఆరు నెలలకోసారి చూసుకోండి. మొన్నటిదాకా ఇంకొకరు చూసుకున్న ఏ పని ఇప్పుడు మీ చేతికి వచ్చింది? ఒక్కటీ లేకపోతే మేనేజర్ దగ్గరకు వెళ్లి ఫలానా పని నాకివ్వండని అడగండి. అడగడం తప్పు కాదు.

3. ఏ ఒక్క లోపం సరిదిద్దుకుంటున్నాడు?

2014లో టాంపా బే జట్టు 79వ స్థానంలో తీసుకున్న బ్రేడెన్ పాయింట్‌కు ఆట తెలివి పుష్కలంగా ఉంది. ఎత్తు తక్కువ, స్కేటింగ్ అంతంత మాత్రం. ఎత్తు పెంచలేరు, స్కేటింగ్ మార్చగలరు. 1984లో ఫిగర్ స్కేటింగ్ జోడీల విభాగంలో ప్రపంచ విజేత అయిన బార్బ్ అండర్‌హిల్ దగ్గర అతడు సాధన చేశాడు. 2020, 2021 ప్లేఆఫ్స్‌లో ఒక్కో ఏడాది 14 గోల్స్ కొట్టి, రెండేళ్లూ కప్పు గెలిచిన జట్టులో ఉన్నాడు.

మార్చలేని వాటి గురించి దిగులు వద్దు. కాలేజీ పేరు, పాత మార్కులు, ఒక సంవత్సరం గ్యాప్ అలాంటివే. మార్చగలిగిన దాన్ని ఒక్కటి పట్టుకోండి. ఇంగ్లిష్‌లో తడబడకుండా మాట్లాడటం, ఎస్‌క్యూఎల్, ఎక్సెల్, రిపోర్టు రాయడం... ఏదైనా సరే. ఈ మూడు నెలలకు ఒకటే, పైగా అది బాగా తెలిసినవాళ్ల దగ్గర.

4. ఓపిక ఎంతవరకు?

డెట్రాయిట్ కుర్రాళ్లను తొందరపెట్టకుండా కింది లీగ్‌లో బాగా ముదరనిచ్చేదని చాలాకాలం పేరు. 2008లో 121వ స్థానంలో ఎంపికైన గుస్తావ్ నైక్విస్ట్ మూడేళ్లు అమెరికాలోని మెయిన్ రాష్ట్ర యూనివర్సిటీకి ఆడి, తర్వాత గ్రిఫిన్స్‌లో చేరి 2013లో ఆ జట్టు ఏహెచ్ఎల్ విజేతగా నిలవడంలో పాలుపంచుకున్నాడు. మరుసటి సీజన్‌లో ఎన్‌హెచ్ఎల్‌లో 57 మ్యాచ్‌ల్లో 28 గోల్స్ కొట్టాడు.

అయితే ఈ ఓపికకూ గడువుంది. కుర్రాళ్లపై జట్టుకుండే హక్కులు ఎల్లకాలం సాగవు, తొలి ఒప్పందాలకూ కాలపరిమితి ఉంటుంది. గడువు దగ్గరపడినా ఎదుగుదల కనిపించకపోతే దారులు వేరవుతాయి. మీరూ అంతే. పోటీ పరీక్షలకైనా, మొదటి ఉద్యోగానికైనా ముందే ఒక తేదీ రాసిపెట్టుకోండి. ఆలోపు ఏం కనిపిస్తే కొనసాగాలో, ఏం కనిపించకపోతే దారి మార్చుకోవాలో కూడా అప్పుడే రాయండి. నిరాశలో ఉన్న రోజున తీసుకునే నిర్ణయం కంటే అది మేలు.

అసలు ఎంపికే కాకపోతే?

పావెల్ డాట్స్యూక్‌ను రెండు డ్రాఫ్ట్‌లలో ఏ జట్టూ పిలవలేదు. మూడోసారి, 1998లో, డెట్రాయిట్ కోసం కుర్రాళ్లను వెతికే స్కౌట్ హాకన్ ఆండర్సన్ మాట మీద 171వ స్థానంలో తీసుకున్నారు. మరో మూడేళ్లు రష్యాలోనే ఆడి 2001లో అమెరికా వచ్చాడు. మొదటి సీజన్‌లోనే స్టాన్లీ కప్ గెలిచాడు. ఒకే జట్టుకు 953 మ్యాచ్‌లు ఆడాడు. 2024లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. క్యాంపస్‌లో పేరు రానివాళ్లు ఇందులో గమనించాల్సింది ఒకటే: ఎవరూ పిలవని ఏళ్లలోనూ అతడు ఆట ఆపలేదు. అందుకే చూడవచ్చిన స్కౌట్‌కు కనిపించాడు. ఆఫర్ రాకపోయినా ప్రాజెక్టులు, ఇంటర్న్‌షిప్‌లు ఆపకండి.

ఈ సమీక్షే ఉద్యోగంగా...

ఇతరుల ఎదుగుదలను అంచనా వేయడమే వృత్తిగా ఉన్నవాళ్లున్నారు: స్కౌట్, డెవలప్‌మెంట్ కోచ్, వీడియో కోచ్, డేటా అనలిస్ట్. మొదటి రెండింటికీ ఆట అనుభవం బాగా ఉపయోగపడుతుంది. నాలుగోదానిలోకి ఆట ఆడనివాళ్లూ వస్తున్నారు. ఎరిక్ టుల్‌స్కీ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసి నానో టెక్నాలజీ రంగంలో పనిచేసేవాడు. తీరిక వేళల్లో హాకీ గణాంకాలపై వ్యాసాలు రాశాడు. అవి చూసిన కరోలినా హరికేన్స్ జట్టు పని ఇచ్చింది. 2024లో ఆ జట్టుకే జనరల్ మేనేజర్ అయ్యాడు.

డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. అమెరికాలో డేటా సైన్స్ చదువుతున్న మన విద్యార్థులూ ఎక్కువే. ఆసక్తి ఉంటే ఇలా మొదలుపెట్టండి:

- స్టాటిస్టిక్స్, పైథాన్ లేదా ఆర్, ఎస్‌క్యూఎల్ నేర్చుకోండి.
- ఎన్‌హెచ్ఎల్ ఎడ్జ్ వెబ్‌సైట్‌లో ఆటగాళ్ల వేగం, షాట్ల వివరాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. స్టాథ్‌లీట్స్ సంస్థ నిర్వహించే బిగ్ డేటా కప్ పోటీలో పాల్గొనవచ్చు.
- ఒక జట్టు ప్రాస్పెక్ట్‌లను ఎంచుకుని ఏడాదిపాటు సమీక్షలు రాయండి. కోచ్‌కు అర్థమయ్యేలా ఒక్క పేజీలో చెప్పగలగాలి.
- మీ యూనివర్సిటీ జట్టుకు సాయం చేస్తానని అడగండి. ఇండియాలో ఉంటే కబడ్డీ, క్రికెట్, హాకీ జట్ల డేటాతో అభ్యాసం చేయండి. హాకీ ఇండియా లీగ్‌లో హైదరాబాద్ తూఫాన్స్ జట్టు మైదానపు హాకీ ఆడుతోంది.

ఒక్కో జట్టులో ఇలాంటి కొలువులు కొన్నే ఉంటాయి కాబట్టి దీన్ని ఏకైక దారిగా పెట్టుకోవద్దు. ఇక్కడ అబ్బిన నైపుణ్యం బ్యాంకులోనైనా, ఆసుపత్రిలోనైనా డేటా ఉద్యోగానికి అక్కరకొస్తుంది.

ఏ రంగంలో ఉన్నా ఈ నెలాఖరుకు ఒక పని పూర్తి చేయండి. పై నాలుగు ప్రశ్నలకూ మీ గురించి నాలుగు వాక్యాలు రాసి, మీ పని దగ్గరగా చూసిన సీనియర్‌కో, లెక్చరర్‌కో చూపించండి. వాళ్లు ఒప్పుకోని వాక్యం ఏదో, వచ్చే మూడు నెలలు మీరు దాని మీదే పనిచేయాలి.