కారు పాటల్లో కూత: డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: “సెకండ్‌హ్యాండ్ కారుకు యాంప్లిఫయర్, స్పీకర్లు పెట్టించిన. 18,000 అయింది. బండి స్టార్ట్ చేస్తే చాలు, స్పీకర్లల్ల కుయ్‌మని మోత. యాక్సిలరేటర్ తొక్కితే ఇంకింత పెరుగుతది. షాపాయన ‘పాత బండికి గంతే’ అంటుండు. నాకేమన్న హక్కున్నదా?”
– ఒక పాఠకుడు, నీలం నగర్, సోలాపూర్

ఉంది. కానీ తొందరపడి ఇంకో మెకానిక్‌తో వైర్లు పీకించకండి. అవి ఇప్పుడు ఏ దారిన పోయాయో అదే మీ సాక్ష్యం.

సోలాపూర్ పవర్‌లూమ్ చప్పుడులో పెరిగిన చెవి మీది. మోత మారితే మగ్గంలో ఎక్కడో తేడా వచ్చిందని ఇట్టే పట్టేస్తారు. ఇంజిన్ వేగంతో పాటు హెచ్చే ఈ కూత, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ది. యాంప్లిఫయర్‌కు కరెంటు తెచ్చే లావు వైరు, పాట మోసే సన్న ఆర్‌సీఏ కేబుల్ కార్పెట్ కింద పక్కపక్కనే సాగితే అది పాటలోకి దిగే వీలుంది. పని తెలిసినవాడు ఒకదాన్ని కుడి పక్క నుంచి, రెండోదాన్ని ఎడమ పక్క నుంచి లాగుతాడు. దాటక తప్పనిచోట పడుగు మీద పేకలా అడ్డంగా దాటిస్తాడు. ఎర్త్ వైరును పెయింటు గీకకుండా బిగించినా ఇదే రోగం.

షాపాయన ఎదుటే మరో ఆర్‌సీఏ కేబుల్‌ను సీట్ల మీదుగా వేయించి చూడండి. కూత ఆగితే తప్పు షాపాయన వేసిన కేబుల్‌దో, దాని దారిదో. ఆగకపోతే ఎర్త్ చూడాలి. అదీ బాగుండి, ఆల్టర్నేటరే చెడిందని తేలితే మాత్రం ‘పాత బండి’ మాటకు బలముంటుంది. ఇదంతా ఫోన్‌లో వీడియో తీయండి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఇలాంటి నాసి పని సేవాలోపం. బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు లేకపోతే, లోపమున్న సేవకు 30 రోజుల్లో డబ్బు తిరిగివ్వననడమూ అంతే.

ముందు 15 రోజుల గడువుతో లిఖితపూర్వక నోటీసు పంపండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, మనవాళ్లు ఇంకా ‘గ్రాహక్ మంచ్’ అనేదే. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. కేసు వేయడానికి గడువు 2 ఏళ్లు. పని పుణెలోనో హైదరాబాద్‌లోనో చేయించినా, మీరుండేది ఇక్కడ కాబట్టి సోలాపూర్‌లోనే వేయొచ్చు. పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు.

బండి కిరాయికి తిప్పుతున్నారా? మీ పొట్టకూటికి మీరే నడుపుతుంటే చట్టం దృష్టిలో మీరూ వినియోగదారే. నాలుగు బండ్లు పెట్టి డ్రైవర్లతో నడిపించే సేఠ్‌కు మాత్రం ఈ దారి దొరకడం కష్టం.