ముందుగా తీసిన పిడికెడు

చదువవలసిన వాక్యభాగములు: నిర్గమకాండము 16:22–30, మార్కు 1:21–39, లేవీయకాండము 19:9–10.



మన సంఘములలో అనేకమంది తల్లులు వంటకు బియ్యము కొలుచునప్పుడు, అందులోనుండి ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేయుదురు. అది దేవుని పనికొరకు ప్రత్యేకింపబడిన బియ్యము. మిజోరములోని సంఘములలో ఈ వాడుక 1910వ సంవత్సరమున ఆరంభమై నేటివరకు జరుగుచున్నది. ఇందులో మనము ఒక సంగతి గమనింపవలెను. ఆ పిడికెడు, బియ్యము ఎసటిలో పడకమునుపే తీయబడును. అందరు తిన్న తరువాత మిగిలినది ఇత్తుమనుకొన్నయెడల ఆ కుండ ఎన్నడును నిండదు.

మన వారము సంగతియు ఇట్టిదే. పని తీరిన తరువాత ప్రార్థింతుము, తీరిక దొరికినప్పుడు రోగిని చూతుము, కోతలైన పిమ్మట పిల్లలతో కూర్చుందుము అని చెప్పుకొనుచున్నాము. కాని కోతలైన వెంటనే నూర్పులు, నూర్పులైన వెంటనే రెండవ పైరు వచ్చును. పని తీరదు; తీరిక దొరకదు.

మేమును ఈ విషయములో తప్పిపోయినవారమే. మా ఊరి చివర ఇంట ఒక వృద్ధ సహోదరుడు మంచము పట్టియుండెను. రేపు వచ్చి మీయొద్ద కూర్చుండి వాక్యము చదివెదమని మాట ఇచ్చితిమి. ఆ రేపు నాట్ల దినమాయెను, మరునాడు సంత, తరువాత బంధువుల పెండ్లి. ఈలాగున నాలుగు వారములు గడచెను. అయిదవ వారమున మేము వెళ్లినప్పుడు ఆయన మంచము గోడకు నిలువుగా ఆనించబడియుండెను. “మీరు వచ్చెదరని వాకిటివైపే చూచుచుండెడివారు” అని మాత్రము ఆయన భార్య చెప్పెను. ఆ నాలుగు వారములలో మేము చేసిన పనులేవియు చెడ్డవి కావు. అయినను వాటిలో ఒకటియు ఆయనయొద్ద గడపవలసిన ఆ గంటకు సాటిరాదు.

1. ముందుగా సిద్ధపరచుట

అరణ్యములో ఇశ్రాయేలీయులు మన్నాను ప్రతి దినము మనిషికి ఒక ఓమెరు చొప్పున కూర్చుకొనిరి. ఆరవ దినమున మాత్రము రెండేసి ఓమెరులు కూర్చుకొని, వండవలసినది ముందే వండి ఉంచుకొనిరి. ఏడవ దినమున వెదకబోయిన వారికి ఏమియు దొరకలేదు. విశ్రాంతి దినము తనంతట తానే విశ్రాంతి కాదు. దానికి ముందటి దినమే దానిని సిద్ధపరచవలెను. బట్టలు ఉదుకుట, పశువులకు మేత కోసి ఉంచుట, కానుక వేరుచేసి పెట్టుట శనివారమే జరిగినయెడల ఆదివారము ఆరాధన మనదగును. లేనియెడల రెండవ గంట మ్రోగువేళకు తల్లి పొయ్యి యొద్దనే యుండును.

2. గంటను నిర్ణయించుట

కపెర్నహూములో మన ప్రభువు గడపిన ఒక దినమును మార్కు వివరించెను. సమాజమందిరములో బోధ, సీమోను అత్తకు స్వస్థత, ప్రొద్దు గ్రుంకిన తరువాత పట్టణమంతయు వాకిట కూడుట. మరునాడు ఇంకను చీకటి యుండగానే ఆయన ఏకాంతస్థలమునకు వెళ్లి ప్రార్థించెను. జనులు మేల్కొనకమునుపే ఆ గంటను తీసికొనెను. అందరు నిన్ను వెదకుచున్నారని సీమోను వచ్చి చెప్పినను, తాను వచ్చిన పని యెరిగినవాడై ఆయన ఇతర గ్రామములకు సాగిపోయెను.

మనకు గంటలు లేవా? లెక్కింతము. వారమునకు 168 గంటలు. దినమునకు 7 చొప్పున నిద్రకు 49. ఆరు దినములు పదేసి గంటలు పొలము పనికి 60. భోజనము, స్నానము, పశువుల పని మొదలగువాటికి దినమునకు 4 చొప్పున 28. ఇవి పోగా 31 గంటలు మిగులుచున్నవి. అరుగుమీది మాటలలోను చేతిలోని ఫోనులోను అవి కరగిపోవుచున్నవి.

అయితే స్త్రీలకు ఈ లెక్క సరిపడదు. కూలికి వెళ్లి వచ్చి మరల పొయ్యి అంటించు తల్లికి వాటిలో పది గంటలైనను మిగులవు. విధవరాండ్ర ఆహారపు పని ముఖ్యమైనదే గనుక అపొస్తలులు దానిని మానక, దానికి ఏడుగురిని ఏర్పరచిరి (అపొ. కార్యములు 6:1–6). మార్తవలె తొందరపడవద్దని ఇంటి స్త్రీలకు బోధించుటకు ముందు పురుషులు బిందె పట్టుకొని నీళ్లు తేవలెను.

3. అంచులను విడిచిపెట్టుట

చేను కోయునప్పుడు అంచులవరకు కోసివేయక, బీదలకును పరదేశులకును కొంత విడువవలెనని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించుచున్నది. వారమునకును అంచులుండవలెను. ప్రతి గంటను పనితో నింపినయెడల, అర్ధరాత్రి తలుపు తట్టిన పొరుగువాడు మనకు విసుగుగా తోచును. యాయీరు ఇంటికి త్వరపడి వెళ్లుచున్న ప్రభువు, తన వస్త్రము ముట్టిన స్త్రీకొరకు దారిలో ఆగెను. పిమ్మట యాయీరు ఇంటికిని వెళ్లెను (మార్కు 5). క్రమము మనకు సంకెల కాకూడదు. ప్రభువు చిత్తమైతే అను మాటను (యాకోబు 4:15) మన ప్రతి ఏర్పాటునకు ముందు ఉంచవలెను.

ఆచరణ

ఆదివారము రాత్రి భోజనమైన పిమ్మట ఇంటివారందరు పావుగంట కూర్చుండవలెను. ఈ వారము విడువకూడనివి ఏవి అని ఒకరినొకరు అడుగవలెను. కుటుంబ ప్రార్థన, ఒక రోగి దర్శనము, బిడ్డ చదువు, సమాధానపడవలసిన సహోదరుడు: ఇవి మూడు నాలుగింటికి మించనక్కరలేదు. ప్రతిదానికి దినమును, వేళను, చేయువారి పేరును నిర్ణయింపవలెను. “ఈ వారములో ఎప్పుడైనను” అనుట చాలదు. “బుధవారము దీపాలవేళ, నాన్నయు పెద్దవాడును” అనవలెను. కాలువ నీటి వంతు మనకు అర్ధరాత్రి వచ్చినను లాంతరు పట్టుకొని వెళ్లుదుము గదా! వేళ తెలిసినది గనుక వెళ్లుచున్నాము. పరిశుద్ధుల కొరకైన చందా విషయములోను పౌలు ఇట్లే ప్రతి వారము మొదటి దినమున కొంత వేరుగా తీసి ఉంచుకొనుడని కొరింథీయులకు నేర్పెను (1 కొరింథీయులకు 16:2).

ఆలోచించుటకు ప్రశ్నలు

1. గడచిన వారములో మనము రేపటికి వాయిదా వేసిన ముఖ్యమైన పని ఏది?
2. మన ఇంట ఎవరి భారము అధికముగా ఉన్నది? దానిని ఎవరు పంచుకొందురు?
3. మన రాకకొరకు వాకిటివైపు చూచుచున్నవారు ఎవరు? ఏ దినమున వెళ్లుదుము?

మూడవ ప్రశ్నకు జవాబు దొరికినవారు పత్రికను మడిచి పెట్టి, ఈ రాత్రియే ఆ దినమును నిర్ణయించుకొందురు గాక. ప్రభువు మన దినములను ఆశీర్వదించును గాక. ఆమేన్.